శుక్రవారపు గీత

ప్రిస్కిల్లా ఆ ఉదయం పదమూడో బోర్డు మీద వంగి ఉంది. ఎడమ కంటికి భూతద్దం, కుడి చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఎడమ చిటికెన వేలికి చుట్టుకున్న సీసం తీగ. పెట్టాల్సిన పార్టు బియ్యపు నూకలో సగం ఉంటుంది. పక్కనెవరైనా తుమ్మితే అది ఉండి ఊరు దాటి ఆకివీడులో దొరుకుతుందని షాపులో చెప్పుకుంటారు. అందుకే జలుబు చేసినవాళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడరు. ఆమె ఊపిరి బిగబట్టి, పార్టును దాని చోట కూర్చోబెట్టి, ఐరన్ ఒక్కసారి తాకించి తీసేసింది. పొగ సన్నగా లేచి నెరిసిన ముంగురులను చుట్టుకుని పోయింది.

యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉంటుంది. నేత చీర, చీలమండల పైకే కట్టు. కుడి చూపుడువేలి కొస ముప్పై ఏళ్ళుగా కాలి కాలి చెక్కలా అయిపోయింది. ఆ వేలికి ఫోను తెర కూడా పలకదు. మధ్యవేలితో నంబర్లు నొక్కుతుంటే కొత్తవాళ్ళు వింతగా చూస్తారు. బజారులో ఎదురైతే రెండోసారి తిరిగి చూడాల్సిన మనిషి కాదు. చూసినవాళ్ళు ఏ టీచరో, చర్చిలో సండేస్కూలు చెప్పే ఆవిడో అనుకుంటారు.

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ పక్కన, మేడ మీద మూడు గదుల కంపెనీ అది. వాళ్ళు తయారుచేసే పెట్టె రొయ్యల చెరువు గట్టున ఉంటుంది. దాని నుంచి ఒక తీగ నీళ్ళలోకి దిగుతుంది. తీగ చివర బొటనవేలంత సెన్సారు. నీటిలో ప్రాణవాయువు ఎంతుందో అది చూస్తుంది. అంకె నాలుగుకి తగ్గితే పెట్టె తనంతట తనే నీళ్ళు చిలికే ఏరేటరు చక్రాలు తిప్పుతుంది, చాలినంత చేరాక ఆపుతుంది, సంగతి రైతు ఫోనుకు చెబుతుంది. నాలుగు వందల చెరువుల మీద ఉన్నాయి ఆ పెట్టెలు. లోపలి బోర్డు గీసింది, దానికి ప్రోగ్రాం రాసింది ప్రిస్కిల్లా. బోర్డు మీద అచ్చయిన పేరు జీబీ సెవెన్. జీబీ అంటే యజమాని గణేష్‌బాబు.

బోర్డు పక్కన పెట్టి ఆమె గోడమీది తెర వైపు చూసింది. మూడు రోజులుగా ముసురు. ఎండ మొహం చూడక చెరువులన్నీ నీరసపడ్డాయి. తెర మీద గీతలన్నీ జ్వరం వచ్చినవాడి నాడిలా కిందికి దిగుతూ వణుకుతున్నాయి. ఒక్క గీత మాత్రం ఉదయం ఏడూ పదినుంచి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

“సురేంద్రా, చంద్రరావుగారి మూడో చెరువు చూశావా?”

ఫీల్డు పని చూసే సురేంద్ర టీ గ్లాసుతో వచ్చాడు. “చూశానండి మేడమ్. ఆరు పాయింట్ రెండు. రాయిలా ఉంది.”

“రాయిలా ఉండటమేనయ్యా రోగం. ఊళ్ళో చెరువులన్నీ మూలుగుతుంటే ఇదొక్కటీ పెళ్ళికొడుకులా కూర్చుంటుందా?”

ఆమె గీతను వెనక్కి జరిపింది. పోయిన వారం కూడా అంతే. ఒకరోజు పొద్దున ఏడు దాటగానే గీత తిన్నన. సురేంద్ర వెళ్ళి వచ్చిన మంగళవారం మళ్ళీ వణుకు మొదలు. అంతకు ముందు రెండు వారాలూ అంతే.

“మూడుసార్లు వెళ్ళానండి. బోర్డు మార్చాను, కేబులు మార్చాను, సిమ్ము కూడా మార్చాను. ఇక మార్చడానికి నువ్వే మిగిలావన్నారు చంద్రరావుగారు.”

“వెళ్ళినప్పుడల్లా సెన్సారు తుడిచావా?”

“తుడవకుండా ఎలాగండి, పచ్చగా నాచు పడుతుంది కదా.”

“గీత తిన్ననయ్యే రోజు ఏ వారం?”

సురేంద్ర వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. “మూడుసార్లూ శుక్రవారమేనండి. ఇవాళా శుక్రవారమే. కరెంటు వాళ్ళ పనేమన్నా అయ్యుంటుందా?”

ప్రిస్కిల్లా భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. ఆరు ఉందని పెట్టె నమ్మితే ఏరేటర్లు తిప్పదు. ఈ ముసురులో తిరగకపోతే మధ్యాహ్నానికి ఎనిమిది లక్షల రొయ్యలు తెల్లగా తేలతాయి. దానితో పాటు ఆ పెట్టె మాట ఇక ఈ డెల్టాలో ఎవడూ నమ్మడు.

గణేష్‌బాబు గదిలో ఆమె కూర్చోలేదు.

“నేను వెళ్తానండి చెరువు మీదికి.”

ఆయన చెడ్డవాడు కాదు. రైతుల పేరు చెప్పి భయపడే మనిషి. బల్ల పని ఆడవాళ్ళది, గట్టు పని మగవాళ్ళది అని ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న పద్ధతి ఆయన పెట్టిందే. “మీరెందుకండీ? రైతులేమనుకుంటారు? అసలే ఆ చంద్రరావుగారు సాయంత్రానికల్లా పన్నెండు పెట్టెలూ పీకి డ్రైనులో పారేస్తానంటున్నాడు. ఆయన పారేస్తే ఆ పక్క ఊళ్ళన్నీ పారేస్తాయి.”

“అందుకేనండి. పంతొమ్మిదేళ్ళు దాన్ని నేను పెంచాను. జబ్బు చేస్తే చూడ్డానికి పక్కింటివాళ్ళని పంపమంటారా?”

గణేష్‌బాబు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయ్యేసరికి ఆమె మెట్లు దిగుతోంది. మధ్య మెట్టు మీద ఒకసారి ఆగి, రెయిలింగు పట్టుకుని, మళ్ళీ దిగింది.

సురేంద్ర బండి వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుని, ప్రాణవాయువు చూసే చేతి మీటరు ఒడిలో పెట్టుకుంది. బండి మొగల్తూరు రోడ్డెక్కింది. అటు ఇటు చెరువులే. మబ్బు కింద నీళ్ళు సీసపు రేకుల్లా పరుచుకుని ఉన్నాయి. ఇదంతా ఆమె చిన్నప్పుడు వరి. ఆ వరి మధ్యనున్న ఒక పేటలో, లూథరన్ చర్చి వెనక రెండో ఇల్లు వాళ్ళది. తండ్రి జాషువా బడిపంతులు.

ఆ చర్చిలో మైకు ఉండేది. పాస్టరు అబ్రహాముగారు వాక్యం ఎత్తుకోగానే అది గుయ్యిమని అందుకునేది. ఇద్దరిలో ఎవరో ఒకరే మాట్లాడాలి గనక ఆయనే ఆగిపోయేవారు. పదమూడేళ్ళ ప్రిస్కిల్లా ఒక ఆదివారం ప్రసంగ వేదిక కిందికి దూరి, ఊడిన ఎర్తు తీగకు చాక్లెట్ కాగితం చుట్టి బిగించింది. ఆ రోజు అబ్రహాముగారి గొంతు సముద్రం దాకా వినిపించిందనీ, వలలు లాగేవాళ్ళు ఆగి ఆమేన్ అన్నారనీ పేటలో ఇప్పటికీ చెబుతారు. సముద్రం అక్కడికి ఆరు మైళ్ళు. కొందరు తొమ్మిదంటారు. చెప్పేవాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది.

తరువాత కాకినాడలో పాలిటెక్నిక్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. ఆ తరువాత భీమవరంలో టీవీలు బాగుచేసే కొట్టు. గిరాకీ వచ్చి, కౌంటరు వెనక నిలబడ్డ ఆమె మొహంలోకి సూటిగా చూసి, “షాపులో ఎవరూ లేరాండీ?” అని అడిగేది. “లేరండి, నేనే ఉన్నాను,” అనేది ఆమె. పదేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. ఈలోగా ఆ ఊరి టీవీలు సగం ఆమె చేతి మీదుగా వెళ్ళాయి. విప్పకుండానే, పైన చెయ్యి వేసి, లోపల ఏ పార్టు పోయిందో చెప్పేదంటారు. అదంతా కోతలే. చెయ్యి వేయక్కర్లేదు, వింటే చాలు.

గణేష్‌బాబు కంపెనీలో చేరేసరికి, ముగ్గురు ఇంజనీరు కుర్రాళ్ళు మొదలుపెట్టి వదిలేసి పోయిన ప్రోగ్రాం ఒకటి కంప్యూటరులో పడి ఉంది. ముప్పై ఏడో ఏట ఒక జిరాక్సు పుస్తకం కొనుక్కుని ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. చర్చి కరపత్రాల వెనక, కరెంటు బిల్లుల వెనక, అక్క రూతు బియ్యం ఏరుతున్న చాట పక్కన కూర్చుని రాసింది. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళకి, ఇది పూర్తయ్యాక చూద్దామంది. అది పూర్తయ్యేసరికి మాట ఎత్తేవాళ్ళు అయిపోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

చంద్రరావు చెరువు గట్టున, మోటారు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, మెడలో తువ్వాలు. ఫోను చాతీకి ఆనించి పట్టుకున్నాడు. ఆయన ప్రిస్కిల్లా వైపు చూడలేదు.

“ఏంటయ్యా సురేంద్రా, ఈసారి మీ అమ్మగారిని కూడా వెంటబెట్టుకొచ్చావు?”

“నేను అతనికి అమ్మని కాదండి, ఆ పెట్టెకి,” అంది ప్రిస్కిల్లా.

చంద్రరావు అప్పుడు చూశాడు. “మీదేనా అది? పిల్లని బాగానే పెంచారు. మనిషి చేత్తో ఏరేటర్లు వేస్తే అరగంటకి తనే కట్టేస్తంది. పోయిన వారం రాత్రుళ్ళన్నీ అదే ఆట.”

“ఆ తెలివి పెట్టింది నేనేనండి. పాలేర్లు వేసి మర్చిపోతారని అరగంట గడువు పెట్టాను. ఇప్పుడెంతుందంటోంది?”

“ఆరు పాయింట్ రెండు.”

ఆమె చెరువులోకి వేసిన బల్లవంతెన మీద నడిచి, చివర మోకాళ్ళు వంచి కూర్చుని, చేతి మీటరును నీళ్ళలోకి దించింది. అంకెలు కిందికి జారుతూ జారుతూ రెండు పాయింట్ ఒకటి దగ్గర ఆగాయి.

“రెండండి,” అంది.

చంద్రరావు లేచి వంతెన మొదలు దాకా వచ్చాడు. “చూడమ్మా, మీ ఒక మిషను ఆరంటంది. మీదే ఇంకో మిషను రెండంటంది. నేను దేన్ని నమ్మాలి? రేపు మూడోది తెచ్చి నాలుగంటారా?”

న్యాయమైన ప్రశ్న. సురేంద్ర తలొంచుకున్నాడు. ప్రిస్కిల్లా మీటరు పక్కన పెట్టేసింది. చీర చెంగు నడుముకు దోపి, కుడి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచి, అరచేయి పైకి తిప్పి కదలకుండా ఉంచింది. మగవాళ్ళిద్దరూ చూస్తున్నారు. నీటి మీద గాలి కూడా లేదు. కాసేపటికి ఒక రొయ్య పైకి తేలి, పక్కకు వాలుతూ వచ్చి, ఆ అరచేతిలో ఆగింది. ఆమె మెల్లగా చెయ్యి పైకెత్తింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. రొయ్య అరచేతిలోనే ఉంది. మీసాలు మాత్రం కదుపుతోంది.

రొయ్యను చేత్తో ముట్టుకున్నవాడెవడికీ ఇక మీటరు అక్కర్లేదు. బతుకు మీద ఆశ ఉన్న రొయ్య కొరడాలా ఎగిరి మొహాన కొడుతుంది. ఇది మాత్రం, అలిసిపోయి వచ్చిన చుట్టం అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

చంద్రరావు ముప్పై ఏళ్ళుగా రొయ్యలు పెంచుతున్నాడు. వెనక్కి తిరిగి, ఆ భారీ మనిషి, పరుగెత్తుకుంటూ వెళ్ళి షెడ్డులో మీటలన్నీ చేత్తో వేశాడు.

“అరగంటే టైముంది మనకి,” అంది ప్రిస్కిల్లా. సెన్సారు తీగ పట్టి లాగింది. నీళ్ళలోంచి వచ్చిన దాని కొనను వాసన చూసింది. పసుపు. నువ్వుల నూనె. బొటనవేలితో రాస్తే వేలికి మెత్తగా పచ్చగా అంటుకుంది. మధ్యలో ఎర్రగా కుంకుమ.

సురేంద్ర నోరు తెరిచాడు. షెడ్డు గుమ్మంలో చంద్రరావు భార్య శ్యామలాంబ నిలబడి ఉంది. తడి జుట్టు వదులుగా ముడి వేసుకుంది. ఉదయం తలంటుకున్న జుట్టు. ఆవిడ చూపు సెన్సారు మీదే ఉంది.

ప్రిస్కిల్లా సురేంద్రను కళ్ళతోనే ఆపింది. వెనక్కి తిరిగి వస్తున్న చంద్రరావుతో, “దొరికిందండి,” అంది. “దీని కొనకి పైన తొడుగు ఉండాలి. నేను పెట్టలేదు. ఏదన్నా అంటుకుంటే దానికి ఊపిరాడదు. చివరిసారి చూసిన అంకె మీదే ఆగిపోతుంది. తప్పు మాదేనండి.”

“అంటే ఏం అంటుకుంది?”

ఆమె సబ్బు నీళ్ళు అడిగింది.

“నేనేనండి,” అంది శ్యామలాంబ.

చంద్రరావు తిరిగి చూశాడు.

“ఈ బాబు వారానికోసారి కడగమన్నాడు కదా. శుక్రవారం కడిగి, పసుపూ కుంకుమా పెడతన్నాను. ఉత్త పసుపైతే నీళ్ళలో కరిగిపోతందని మూడు వారాల నుంచీ నూనెలో కలుపుతన్నాను. చెరువు ఊపిరి చూసే తల్లి, గుమ్మానికి పెట్టి దానికి పెట్టకపోతే ఎలా అనుకున్నాను. ఆ కొన కూడా చూడండి, బొట్టు పెట్టమన్నట్టే గుండ్రంగా ఉంటంది.”

చంద్రరావు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన ఏదో అనబోయే లోపల ప్రిస్కిల్లా అంది: “బొట్టు పెట్టడంలో తప్పేం లేదండి అమ్మగారూ. పెట్టె మొహానికి పెట్టండి. ఇది దాని ముక్కు.”

శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో తేలలేదు. లోపలికి వెళ్ళి సబ్బు నీళ్ళు, మెత్తటి పాత గుడ్డ తెచ్చింది. ఇద్దరాడవాళ్ళూ వంతెన చివర పక్కపక్కన కూర్చున్నారు. ఒకావిడ పట్టుకుంటే ఒకావిడ తుడిచింది. పసిబిడ్డ ముక్కు తుడిచినట్టు, నొప్పి పుడుతుందేమోనన్నట్టు తుడిచారు.

సెన్సారు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. చంద్రరావు ఫోనులో ఆరు పాయింట్ రెండు కాసేపు బిర్రబిగుసుకుని ఉండి, ఐదయింది, మూడయింది, రెండున్నర దగ్గర నిలబడింది. సరిగ్గా అప్పుడే అరగంట పూర్తయింది. ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగాయి. చెరువంతా నిశ్శబ్దం. చంద్రరావు చెయ్యి గుండె మీదికి పోయింది.

షెడ్డులో టక్కుమంది. మొదటి ఏరేటరు కదిలింది. టక్కుమంది, రెండోది. మూడు, నాలుగు. ఎవరూ ముట్టుకోలేదు. ఎనిమిది చక్రాలూ ఒకదాని వెనక ఒకటి లేచి తెల్లటి నురగ ఎగజిమ్మాయి. ఆ మబ్బు పగటిలో నీళ్ళు నిలువెత్తు లేచాయి. చంద్రరావు వాటిని ఎన్ని వేలసార్లు చూశాడో. ఇప్పుడు మాత్రం మెడలో తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“ఇదంతా మీరు రాసిందేనా అమ్మా?”

“రాసిందేనండి. చిన్న లెక్కే.”

“చదివితే ఎంతుంటది?”

“పదకొండు వేల లైన్లండి.”

ఆయన తన కుర్చీ తనే ఎత్తుకొచ్చి ఆమె వెనక వేశాడు.

ప్రిస్కిల్లా ముందు పెట్టె దగ్గరికి వెళ్ళింది. తలుపు లోపల ప్లాస్టిక్ కవరులో సర్వీసు కార్డు ఉంటుంది. తీసి, నిలబడే ఏదో రాసి, సంతకం చేసి, మళ్ళీ కవరులో పెట్టింది. తరువాత వచ్చి కుర్చీలో కూర్చుంది. మొహం కాస్త పాలిపోయి ఉంది. శ్యామలాంబ మజ్జిగ తెస్తే సగం తాగింది.

“అంకె నాలుగున్నర దాటేదాకా నేను కదలనండి. పావుగంటకోసారి అంకె చెబుతుండండి.”

పదకొండున్నరకి చంద్రరావు, “రెండు పాయింట్ తొమ్మిదమ్మా,” అన్నాడు. “బాగుందండి,” అందామె. మూడు పాయింట్ మూడు. “బాగుందండి.” మూడు పాయింట్ ఎనిమిది దగ్గర అంకె చాలాసేపు ఆగింది. సురేంద్ర వంతెన మీద అటూ ఇటూ తిరిగాడు. గట్ల వారనున్న రొయ్యలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోతున్నాయి. నాలుగు పాయింట్ రెండు. “బాగుందండి,” అన్న మాట ఏరేటర్ల హోరులో సరిగా వినబడలేదు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, మోటార్ల చప్పుడు వింటోంది. వినడం ఆమె అలవాటు.

ఒంటిగంటన్నరకి చంద్రరావు కుర్చీ దగ్గరికే నడిచి వచ్చాడు. కూతురికి కబురు చెప్పే తండ్రిలా వంగి చెప్పాడు.

“నాలుగు పాయింట్ ఏడమ్మా. దాటేసింది.”

ఆమె పలకలేదు. పలుకుతుందేమోనని కొంచెం ఆగి, మళ్ళీ చెప్పాడు. శ్యామలాంబ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎనిమిది ఏరేటర్లూ తిరుగుతూనే ఉన్నాయి. కాసేపటికి, చాలినంత చేరిందని తెలుసుకుని, వాటంతటవే నాలుగు ఆగాయి.

గుండె అన్నారు డాక్టర్లు. మెట్ల మీద ఆగడం ఏడాదిగా ఉందని అక్క రూతు చెప్పింది. మొగల్తూరు దగ్గరి ఆ పేటలో, తండ్రి పక్కనే పాతిపెట్టారు. నూట పదిమంది రైతులు వచ్చారు. మూడొందలని చెబుతారు గాని, నూట పది. అదీ తక్కువ కాదు. వాళ్ళలో చాలామంది ఆమెను చూడటం అదే మొదలు.

నెల తిరక్కుండా నాలుగొందల సెన్సార్లకీ తొడుగులు పడ్డాయి. చంద్రరావు పన్నెండు పెట్టెలూ గట్టు మీదే ఉన్నాయి. మూడో చెరువుకి తొడుగు వేయడానికి వెళ్ళిన సురేంద్ర, సంతకం చేద్దామని కార్డు తీసి, చదివి, మళ్ళీ కవరులో పెట్టేశాడు. తన సంతకం దాని మీద పెట్టకుండా కొత్త కార్డు తెచ్చి పక్కన పెట్టాడు. విషయం విని గణేష్‌బాబే స్వయంగా కారులో వచ్చాడు. పాత కార్డు ఆఫీసులో ఫ్రేము కట్టించి పెడతానన్నాడు.

“పెట్టె కావాలంటే పట్టుకెళ్ళండి బాబూ,” అంది శ్యామలాంబ. “కార్డు మాత్రం ఇవ్వను.”

అది ఇప్పటికీ ఆ తలుపు లోపలే ఉంది. సురేంద్ర సంతకాలు మూడు, కింద నాలుగో వరస. లోపం అన్న గడిలో, “సెన్సారుకు తొడుగు లేదు. డిజైను తప్పు.” సంతకం గడి చాలక పక్క గడిలోకి జరిగిన గుండ్రటి తెలుగు అక్షరాలు: “డిజైను చేసినది బి. ప్రిస్కిల్లా.” కార్డు పట్టుకున్న చోట, మూలన, బొటనవేలంత పసుపు మరక.